సిమ్ముదా? వైఫైదా?

ట్యాబ్ కొనడానికి వెళ్లినవాడికి రంగు దగ్గర చిక్కు రాదు, సైజు దగ్గర రాదు, ఆఖరికి డబ్బు దగ్గర కూడా రాదు, ఈఎంఐ ఉందిగా. చిక్కంతా కౌంటరు అవతల కుర్రాడు తలెత్తకుండా అడిగే ఒక్క ప్రశ్నతో మొదలవుతుంది. "వైఫైదా సార్, సిమ్ముదా?"

దీనికి అక్కడికక్కడ జవాబు చెప్పినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. "ఏమిటి తేడా?" అని అడుగుతాం. "సిమ్ముదైతే సిమ్ము పడుతుంది సార్" అంటాడు. బ్రహ్మసూత్రాలకైనా ఇంత క్లుప్తమైన భాష్యం ఎవరూ రాసి ఉండరు. "మరి ధరలో?" "పదిహేను వేలు ఎక్కువ సార్." ఇక్కడ మనం గొంతు సవరించుకుని, ఇంట్లో కనుక్కుని వస్తామని చెప్పి మెట్లు దిగుతాం.

పదిహేను వేలన్నది ఆ కుర్రాడు నోటికొచ్చి చెప్పిన అంకె కాదు. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ మన దగ్గర వైఫైది 34,900, సిమ్ముది 49,900. అంతకుముందు 2022లో వచ్చినదానికి మొదట పెట్టిన ధరలు 44,900, 59,900. ట్యాబ్ ధర పదివేలు దిగింది గానీ ఆ రెంటి మధ్యనున్న గొయ్యి అంగుళం కూడా పూడలేదు. ఆండ్రాయిడ్ ట్యాబుల్లో ఇంత ఉండదు, కొన్నింట్లో మూడు నాలుగు వేలతో పోతుంది. కానీ మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్‌లో "కొంటే ఐప్యాడే కొనుక్కో నాన్నా" అని తేల్చేశాడు. డబ్బులు నావి కాబట్టి తేల్చడం వాడికి సులువే.

ఇంకో ముచ్చట. ఆ 2025 ఐప్యాడ్లలో సిమ్ముదానికి సిమ్ ముక్క పెట్టుకునే అరే లేదు. అంతా ఈసిమ్, కంటికి కనపడని సిమ్ము. అంటే కుర్రాడు చెప్పిన ఒక్కగానొక్క తేడా కూడా నిలవలేదు. పదిహేను వేలు ఎక్కువిచ్చి సిమ్ముది కొంటే, సిమ్ము పట్టదు.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది.

"సిమ్ముదైతే ఫోన్ చేసుకోవచ్చా?"

"ఐప్యాడ్‌లో మామూలు ఫోన్ కాల్ వెళ్లదు. వాట్సాప్‌లో, అలాంటివాటిలో చేసుకోవాలి."

"అది వైఫైదాంట్లోనూ వస్తుందిగా?"

"వస్తుంది."

"మరి ఆ సిమ్ము ఎందుకండీ?"

శాంసంగ్ లాంటి కంపెనీల సిమ్ ట్యాబుల్లో చాలావాటికి మామూలు కాల్స్ వెళ్తాయని చెప్పి పరువు నిలబెట్టుకోబోయాను. అది నిజమే. రాజమండ్రి బస్టాండులో ఓ పెద్దాయన పలకంత ట్యాబ్‌ని చెవికి ఆనించి, ముఖం మొత్తం దాని వెనక దాచుకుని, "ఎవరదీ? వినపడట్లేదు!" అని అరవడం నేను స్వయంగా చూశాను. అవతలివాళ్లకి వినపడిందో లేదో గానీ ఏలేశ్వరం బస్సు కోసం నిలబడ్డవాళ్లందరికీ వినపడింది.

అసలు ఈ చిక్కుకి పుట్టినరోజు కూడా ఉంది. స్టీవ్ జాబ్స్ 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి ఐప్యాడ్ చూపించాడు. వైఫైది ఏప్రిల్ 3న అమెరికా దుకాణాల్లోకి వచ్చింది, 499 డాలర్లు. 3జీది అదే నెల 30న వచ్చింది, 629 డాలర్లు. 130 డాలర్లు ఎక్కువ ఇచ్చి, పైగా దాదాపు నాలుగు వారాలు ఎదురుచూడటం కూడా కొన్నవాడి వంతే. వైఫైదానిలో జీపీఎస్ పెట్టలేదు, 3జీదానిలో పెట్టారు. ఐప్యాడ్లలో ఆ పంపకం ఇప్పటికీ అంతే.

మనకీ ఒక చరిత్ర ఉందండోయ్. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ ట్యాబ్ విడుదల చేశారు. డేటావిండ్ వాళ్లది. మొదటి విడత బిగింపు పని మన హైదరాబాదులోనే జరిగింది. విద్యార్థులకిచ్చిన దానిలో ఉన్నది వైఫై ఒక్కటే, సిమ్ పట్టే రకాన్ని బజారులో వేరే పేరుతో అమ్మారు. 2011లో మన డిగ్రీ కాలేజీల సంగతి మీకు తెలిసిందే. ఆకాశ్‌లో వైఫై ఉంది, వైఫై ఉన్న కాలేజీ మాత్రం ఆకాశంలో ఉంది.

సలహాలకి వద్దాం. మా బావమరిది దగ్గర సిమ్ ఐప్యాడ్ ఉంది. అతని లెక్కలో వైఫై ట్యాబ్ వాడేవాడు పరాన్నభుక్కు. "బావా, సిమ్ముదే తీసుకో. ఎవణ్నీ హాట్‌స్పాట్ పెట్టమని దేబిరించక్కర్లేదు" అంటాడు. ఆ స్వాతంత్ర్యాన్ని కళ్లారా చూసే భాగ్యం మారేడుమిల్లి వెళ్లినప్పుడు కలిగింది. రంపచోడవరం దాటాక ఒక్కొక్కరి ఫోన్‌లో సిగ్నల్ గీతలు రాలిపోతూ వచ్చాయి. చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కేసరికి కారులో ఉన్న ఏ సిమ్ముకీ ప్రాణం లేదు. మావాడు కంగారు పడలేదు. "నా దాంట్లో జీపీఎస్ ఉంది. దానికి టవర్లతో పన్లేదు, డైరెక్టుగా ఉపగ్రహాలే" అని ట్యాబ్ ఒళ్లో పెట్టుకున్నాడు.

మాట తప్పనిది జీపీఎస్. తెరమీద నీలిచుక్క వెలిగింది. కానీ మ్యాపు ముందే దించుకోలేదు కాబట్టి చుక్క చుట్టూ రోడ్డు లేదు, వాగు లేదు, ఊరి పేరు లేదు. అంతా బూడిదరంగు గళ్లు. ఆ గళ్లలో మా చుక్క ఒంటరిగా, ఎంతో నమ్మకంగా జరుగుతోంది.

"ఇదిగో బావా, మనం కరెక్టుగా ఇక్కడున్నాం."

"ఎక్కడ?"

"ఇక్కడే."

వెనక సీట్లోంచి మా ఆవిడ అంది, "ఆ ముక్క నేనూ చెబుదునురా."

పక్కింటి హెడ్‌మాస్టారిది వైఫై పక్షం. రిటైరయినా లెక్కల మాస్టారు లెక్కల మాస్టారే. "ఆ పదిహేను వేలు పెడితే కొత్త 5జీ ఫోనే వస్తుంది కదండీ! అందులో సిమ్ పడుతుంది, కాల్స్ వెళ్తాయి, కెమెరా ఉంటుంది, హాట్‌స్పాట్ పెడితే ట్యాబ్‌కి నెట్ కూడా అదే ఇస్తుంది. ట్యాబ్‌లోనే నెట్ కోసం అంత డబ్బు పొయ్యడం ఏ సూత్రం ప్రకారం?" అంటారు. ఈ వాదానికి తిరుగులేదు. నేను విన్నవాటిలో ఇదొక్కటే లెక్కకి నిలిచింది.

అయితే లెక్కలో రాని ఒక అంశం ఉంది. మాస్టారిది బటన్ల ఫోను. హాట్‌స్పాట్ వాళ్లావిడ ఫోన్‌లోంచి రావాలి. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి ఇబ్బంది లేదు గానీ, ఇద్దరూ కాశీ బయల్దేరినప్పుడు బల్హార్షా దగ్గర కిటికీ సీటు గురించి మాటా మాటా వచ్చింది. ఇటార్సీ దాకా మాస్టారి ట్యాబ్‌కి నెట్ లేదు. జబల్పూర్‌లో ఆయనే దిగి వెళ్లి టీ తెచ్చిచ్చాక లైను పునరుద్ధరించబడింది.

హాట్‌స్పాట్ అంటే అదీ. బ్యాటరీ ఎదుటివాళ్లది, డేటా ఎదుటివాళ్లది, మనకి మిగిలేది మర్యాదగా అడగడం. పూర్వం అది కూడా కుదిరేది కాదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చేదాకా ఒక్కో జీబీకి రెండొందల యాభై దాకా పోసినవాళ్లం. హాట్‌స్పాట్ పెట్టమంటే అన్నదమ్ములైనా చార్జింగ్ లేదనేవారు. ఇప్పుడు రోజుకి ఒకటిన్నర, రెండు జీబీలు. అడిగే వేళ మాత్రం తెలిసుండాలి. పొద్దున్న తొమ్మిదింటికి అడిగితే మొహం చిట్లిస్తారు. రాత్రి పదకొండింటికి అడిగి చూడండి, కర్ణుడు దిగివస్తాడు. పన్నెండు కొడితే మిగిలిందంతా ఎలాగూ మురిగిపోతుందిగా.

స్టేషన్లలో ఉచిత వైఫై లేదా అంటారు. ఉంది. దాంట్లోకి వెళ్లాలంటే ఫోన్ నంబరు కొట్టాలి, ఓటీపీ రావాలి. ఓటీపీ ఎక్కడికొస్తుంది? ఫోన్‌కి. ఫోన్‌కి సిగ్నల్ ఉంటే మనకి స్టేషన్ వైఫైతో పనేమిటి? ఈ వేదాంత చర్చ ముగిసేలోగా సామర్లకోటలో ఆగిన రైలు కదిలిపోతుంది.

సిమ్ముదానికి ఇంకో ఖర్చుంది, షాపులో చెప్పరు. రీచార్జ్. మామూలు ప్లాన్ల గడువు 28 రోజులు. 365ని 28తో భాగించి చూడండి, ఏడాదికి పదమూడు నెలలు తేలతాయి. మన పంచాంగకర్తలు అధికమాసాన్ని సుమారు మూడేళ్లకోసారి తెస్తే, టెలికాం సిద్ధాంతులు ఏటా తెస్తున్నారు. 2022లో ట్రాయ్ కలగజేసుకుని ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ కనీసం ఒక్కటైనా పెట్టాలని చెప్పింది. పెట్టారు. వెతుక్కోవడం మన పని.

ఇంతకీ ఇంట్లో వైఫై ఉందన్నంత మాత్రాన ఇల్లంతా ఉన్నట్టు కాదు. కేబుల్ అబ్బాయి రూటర్‌ని తన వైరు ఎంతవరకు వస్తే అక్కడ, అంటే హాల్లో టీవీ పైన బిగించి పోతాడు. మాది మా నాన్నగారు కట్టించిన ఇల్లు, గోడలు జానెడున్నర మందం. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ గోడ కనబడితే నీరసిస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదిగానైనా గోడ దాటుతుంది. మా పడమటి గదికి అదీ చేరదు. కంపెనీ వాళ్లు 'వైఫై ఓన్లీ' అని రాసుకున్నదానికి మా ఇంట్లో అసలు పేరు 'హాల్ ఓన్లీ'. కరెంటు పోతే రూటర్ పోతుంది, ఇన్వర్టర్ లైను ఆ ప్లగ్గుకి ఇవ్వలేదు. రూటర్‌కని చిన్న యూపీఎస్‌లు అమ్ముతున్నారు, ఓ రెండు మూడు గంటలు లాగుతాయి. అది మాత్రం నిజంగా కొనదగ్గ వస్తువు.

రూటర్ మాట వచ్చింది కాబట్టి ఒక పనికిరాని విషయం చెబుతాను. దాని పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. వైఫై పేరుకి 32 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, గుణింతానికి మళ్లీ మూడు. 'మా ఇంటి వైఫై' అని పెడితే రెండు ఖాళీలతో సహా సరిగ్గా 32. చుక్క కూడా పట్టదు. నాకు 'మా ఇంటి వైఫై మీకెందుకు' అని పెట్టాలని ఉండేది. పై వాటా వాళ్లు ఆ విధంగా బతికిపోయారు.

ఇక నా తీర్పు. ట్యాబ్ అన్నది కొన్న మొదటి నెలలోనే ఇల్లు కదులుతుంది. తరవాత దాని జీవితమంతా సోఫాకీ మంచానికీ మధ్యే. బయటికి వెళ్లినప్పుడు చూడాల్సినవి ముందే దించుకుంటే సగం నెట్ అవసరమే ఉండదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబుల్లో నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. సినిమాలకీ మ్యాపులకీ మనమూ ఆ పని చేసుకోవచ్చు, మా బావమరిది ఒక్కడు తప్ప. అందుకని నాకు వైఫైదే కొన్నాను.

కానీ ద్రాక్షారామంలో ఒంటరిగా ఉండే మా అత్తగారికి సిమ్ముదే కొన్నాం, ఆండ్రాయిడ్‌ది. అక్కడ రూటర్ పెట్టించి, అది ఆగిపోయినప్పుడల్లా "అత్తయ్యగారూ, వెనకాల ప్లగ్గు తీసి పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ పెట్టండి" అని ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు లేదు. ఆవిడకి హాట్‌స్పాట్ ఇచ్చే నాథుడూ లేడు. తెర వెలగాలి, డల్లాస్‌లో మనవరాలు కనపడాలి, అంతే. రీచార్జ్ గడువు దగ్గరపడితే ఆవిడే ఫోన్ చేస్తుంది. "అల్లుడుగారూ, అధికమాసం వచ్చేసింది" అంటుంది. ఆవిడ విషయంలో ఆ మూడు నాలుగు వేల తేడా గురించి ఆలోచించడమే దండగ. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి సిమ్ముదే ఇవ్వండి.

మిగతావాళ్లు షాపుకి వెళ్లే ముందు ఒక పని చేయండి. మీరు రోజూ ట్యాబ్ చూడబోయే పడక్కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో డేటా ఆపేసి, ఇంట్లో వైఫై అక్కడిదాకా వస్తోందో లేదో చూడండి. వస్తే వైఫైది కొనండి. రాకపోతే కుర్చీ జరపండి. పదిహేను వేలకన్నా చౌక.