కుట్లు, అల్లికలు, ఉడుకుమోత్తనం

ఎవరింటికైనా వెళ్లినప్పుడు అక్కడ కుట్టు మిషన్ ఉందో లేదో కనిపెట్టడం అంత సులువు కాదు. దాని మీద ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కప్పి ఉంటుంది. గుడ్డ మీద ఇస్త్రీకి వేయాల్సిన బట్టలు, బట్టల మీద కరెంటు బిల్లు, బిల్లు ఎగిరిపోకుండా దాని మీద ఒక స్టీలు డబ్బా. కింద తొక్కే పలక మీద ఉల్లిపాయల బుట్ట. మా ఇంట్లో వైఫై పెట్టె కూడా దాని మీదే కొలువుదీరింది. ఓసారి మా పక్కింటావిడ "ఈ టేబుల్ ఎక్కడ కొన్నారండీ, కాళ్లు భలే ఉన్నాయి" అంది. మిషన్ అని చెబితే "అయ్యో, మీరు కుడతారా!" అని ఆశ్చర్యపోయింది. కుడతానని చెప్పాలో, కుట్టేదాన్నని చెప్పాలో తేలక కాఫీ తేవడానికి లోపలికి వెళ్లాను.

మా కాలంలో ఆడపిల్ల అర్హతల్లో 'కుట్లు, అల్లికలు వచ్చు' అన్నది తప్పనిసరి. వేసవి సెలవులు రాగానే తలలు పత్తికాయల్లా పగిలిపోయే ఎండలో కత్తెర, టేపు, పాత పేపర్లు పట్టుకుని టైలరింగు క్లాసుకు పోయేవాళ్లం. ముందు పేపరు మీద జాకెట్టు కత్తిరించాలి, తర్వాతే గుడ్డ మీద. టైలరింగుకీ ఎంబ్రాయిడరీకీ ప్రభుత్వం లోయరు, హయ్యరు అని పరీక్షలు పెట్టేది. ఇంట్లో ఖాళీ గుడ్డ కనబడితే చాలు, కాడ కుట్టు, గొలుసు కుట్టు, లేజీ డైజీ, హెరింగ్‌బోన్ వేసి పారేసేవాళ్లం. దిండు గలీబు మీద రెండు చిలకలు, మధ్యలో 'స్వీట్ డ్రీమ్స్'. టీవీకి కవరు, ఫ్యానుకి కవరు, రేడియోకి కవరు. వైర్ల బుట్టలు, పూసల తోరణాలు సరేసరి.

అంత ఉత్సాహం ఎక్కడి నుంచి వచ్చేదని అడిగితే కళాతృష్ణ అని చెప్పాలనే ఉంది. కానీ ఎదురింటి పిల్ల నెమలి కుట్టిందన్న సంగతి నాలో ఎంత కళను రేపిందో నాకు తెలుసు. వాళ్ల నెమలికి పింఛం ముడుచుకుని ఉంటే నా నెమలికి విప్పాల్సిందే, యాంకర్ దారాల లచ్ఛీలు ఎన్ని అయిపోయినా సరే. లచ్ఛీకి 8 మీటర్ల దారం, అందులో ఆరు పోగులు. రెండేసి పోగులు విడదీసి కుడితే పని సన్నగా వస్తుంది. నేను ఒక్క పోగుతో కుట్టాను. ఎదురింటి పిల్లకి చత్వారం రావాలని కోరుకుంటూ కుట్టాను.

పెళ్లిచూపుల్లో మా అమ్మ ఆ గలీబుల్ని కాఫీ కప్పుల కన్నా ముందు తెచ్చి పెట్టింది. కాబోయే అత్తగారు చిలకల్ని ఒక్కసారి చూసి, గలీబు లోపలి వైపు పైకి తిప్పింది. పని తెలిసినవాళ్లు చూసేది అదే. ముందు వైపు ఎవరైనా అందంగా కుడతారు, బండారమంతా వెనక ఉంటుంది. అక్కడ వేలు పెట్టి, "ముడులు ఎక్కువైనట్టున్నాయి కదమ్మా" అంది. ఎంతో మృదువుగానే అంది. ఆ క్షణం నుంచి ఈనాటి వరకు నేను కుట్టిన ఏ గుడ్డ వెనకా ముడి లేదు. దారం కొసని కుట్ల కింద దూర్చి దాచేస్తాను. ఏ గురువూ నేర్పలేనిది ఆవిడ ఒక్క మాటతో నేర్పింది.

అలాంటి ఉత్సాహం పెళ్లయ్యాక ఎలా ఆవిరైపోయిందంటే, మొదటి దెబ్బ తీసింది పొగడ్త. తోటికోడలి జాకెట్టు కుట్టి పెడితే "అక్కా, ఎంత బాగా కుదిరిందో!" అని మురిసిపోయింది. మర్నాడు వాళ్ల పిన్నిగారి జాకెట్టు ముక్క వచ్చింది. ఆ తర్వాత ఆ పిన్నిగారి ఆడపడుచుది. మన దగ్గర పేరంటానికి వెళ్లినా, గృహప్రవేశానికి వెళ్లినా పసుపు, కుంకుమ, తాంబూలంతో ఓ జాకెట్టు ముక్క చేతిలో పెడతారు. ఆ ముక్కలన్నీ ఏమవుతాయా అని ఎవరికైనా అనుమానం ఉంటే తీరుస్తాను. మా ఇంటికి వస్తాయి. ముక్కతో పాటు "నువ్వు ఖాళీగానే ఉంటావుగా" అన్న మాట కూడా వస్తుంది.

రెండో దెబ్బ చివరి పని. జాకెట్టు కత్తిరించడం సరదా. టక్కులు వేయడం, చేతులు ఎక్కించడం కూడా సరదాయే. అంతా అయ్యాక హుక్కులు, కాజాలు, హెమ్మింగు మిగులుతాయి. అక్కడ చెయ్యి ఆగిపోతుంది. పిన్నులు పెట్టుకుని పెళ్లిళ్లకు వెళ్లిన జాకెట్లు ఎన్నో! మూడో దెబ్బ ఫోను. అందులో ఒకావిడ నిమిషం తిరక్కుండా మగ్గం వర్కు పూర్తి చేసేస్తుంది. అది చూశాక మనం కూడా ఏదో చేసేసినట్టే ఉంటుంది, నడుం మాత్రం నొప్పి పుట్టదు.

నాలుగోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, సామాను కొనడం. కుట్టాలన్న కోరిక తగ్గిన కొద్దీ కొనాలన్న కోరిక పెరుగుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజారులో లేసులు, గుండీలు, అద్దాలు, జరీ అంచులు అమ్మే దుకాణాల ముందు నిలబడితే నాకు నేనే గొప్ప కళాకారిణిలా కనిపిస్తాను. ఇంటికి వచ్చి కవరు బీరువా పై అరలోకి తోసేసరికి మళ్లీ మామూలు మనిషిని. ఆ అరలో సగం కుట్టిన బల్లగుడ్డ, ఒక్క చెయ్యి అల్లిన స్వెటరు, తల మాత్రమే ఉన్న వినాయకుడు ఉన్నారు. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో, మనిషికి పూర్తయిన పనుల కన్నా మధ్యలో ఆగిపోయినవే బాగా గుర్తుంటాయని తేల్చింది. ఆవిడ నా బీరువా తెరిచి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేది. ఆ స్వెటరు ఎవరి కోసం మొదలుపెట్టానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆ మనిషి ఈపాటికి ఆ చేతిలో పట్టనంత పెద్దవాడై ఉంటాడు.

మా ఆయన సలహాలకు లోటు లేదు. "రోజూ పది నిమిషాలు కూర్చో, ధ్యానంలాగా ఉంటుంది" అంటారు. ధ్యానంలో సూది వేలికి గుచ్చుకోదని ఆయనకు ఎవరు చెప్తారు? ఓ రోజు గాంధీగారిని కూడా తీసుకొచ్చారు. యంత్రాలంటే అంతగా పడని గాంధీగారు 1924లో సింగర్ కుట్టు మిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారట. చేత్తో కుట్టీ కుట్టీ అలిసిపోతున్న భార్యను చూడలేక, ప్రేమతో సింగర్ ఆ యంత్రం తయారు చేశాడని ఆయన ముచ్చటపడ్డారట. "చూశావా, ప్రేమలోంచి పుట్టిన యంత్రం!" అని మా ఆయన ఉప్పొంగిపోయారు. ఆ ఐజాక్ సింగర్ చరిత్ర నేనూ కాస్త చదివాను. నాటకాలాడుకునే మనిషి, 1851లో పేటెంటు తీసుకున్నాడు, డబ్బు మీదే దృష్టి. ఇక ప్రేమంటారా, వేర్వేరు ఇల్లాళ్లతో 20 మందికి పైగా పిల్లల్ని కన్నాడు. అందరి అలసటా చూడలేకపోయాడేమో పాపం! అంతకు ముందే 1846లో పేటెంటు తీసుకున్న ఎలియాస్ హోవ్ అనే ఆయన ఇతని మీద కోర్టుకెక్కి, గెలిచి, రాయల్టీలు రాబట్టాడు. కుట్టు మిషన్ పుట్టిందే పేచీల్లోంచి. దాని దగ్గరికి శాంతస్వభావంతో వెళ్తే అది మాత్రం ఎలా కదులుతుంది?

ఉత్సాహం ఉందా, పోయిందా అని ఇంత చర్చ చేయడం కూడా ఓ భోగమే. మా పుట్టింటి వైపు నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లను చిన్నప్పుడు చూసేదాన్ని. చేతిలో సన్నని కొక్కెం, ఒళ్లో తెల్ల నూలు ఉండ. నోరు ఊరి కబుర్లు చెబుతూనే ఉంటుంది, కళ్లు వీధిలో ఉంటాయి, వేళ్లు వాటి పాటికి అవి పోతుంటాయి. ఒకరు పువ్వులు అల్లితే, వాటిని జత చేసే అతుకు పని మరొకరిది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశాల్లో బల్లల మీదికి ఎక్కింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ ఆడవాళ్ల మీద 1982లో ఓ పుస్తకమే వేసింది. వీళ్లు రోజులో చాలా గంటలు ఈ పనిలోనే ఉంటారు, అయినా లోకం దీన్ని ఇల్లాళ్లు తీరిక వేళ చేసుకునే పనిగానే లెక్కగడుతుంది, అందుకే కూలి అంత తక్కువ అని ఆవిడ రాసింది. అది చదివినప్పుడు నాకు వినిపించింది "నువ్వు ఖాళీగానే ఉంటావుగా" అన్న మాటే. నా దాకా వచ్చేసరికి అది విసుగు. వాళ్ల దగ్గర అది కూలి రేటు. ఈ వేళ మనసు లేదు, రేపు అల్లుతాను అనే సౌకర్యం ఆ అరుగుల మీద ఎవరికీ ఉండేది కాదు.

ఆ సౌకర్యం నాకు ఉంది కాబట్టి మిషన్‌ని హాయిగా మూలన పడేశాను. మళ్లీ లేవనెత్తింది ధ్యానం కాదు, శ్రావణమాసం.

వ్రతానికి కట్టుకునే పట్టుచీర జాకెట్టు మా వీధి చివరి టైలరుకి ఇచ్చాను. కొలతల గొడవ లేకుండా ఆది జాకెట్టు కూడా ఇచ్చాను. ఎప్పుడు వెళ్లినా "రేపు రండమ్మా" అనేవాడు.

"మాస్టారూ, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం అండీ!"

"తెలుసమ్మా. అందరికీ అదే శుక్రవారం."

మొత్తానికి గురువారం రాత్రి ఇచ్చాడు. వేసుకుంటే హుక్కులు సగం దాకానే కలిశాయి. పరుగున వెళ్లి చెప్పాను. ఆయన టేపు మెడలోంచి తీయలేదు, మిషన్ ఆపలేదు. నన్ను కింద నుంచి పై దాకా ఓసారి చూసి, "కొంచెం ఒళ్లు చేశారేమోనమ్మా" అన్నాడు.

ఆది జాకెట్టు ఒంటి మీద వదులుగా ఆడుతుంటే ఒళ్లు చేశానా! ఇంటికి వచ్చి వైఫై పెట్టె తీసి సోఫాలో పడేశాను. "ఏమైందే?" అన్నారు మా ఆయన. నా గురించి కాదు, నెట్ పోయిందని. బట్టలు, బిల్లు, డబ్బా, గుడ్డ ఒక్కొక్కటీ దించాను. తోలు బెల్టు సాగిపోయి చక్రం మీద జారుతోంది. కొస కాస్త కోసి, క్లిప్పు మళ్లీ బిగించాను. ఉన్న బెజ్జాలన్నిటిలోనూ నూనె చుక్కలు వేసి, పాత గుడ్డ ముక్క పెట్టి ఊరికే తొక్కాను. ముందు మూలిగింది. తర్వాత నల్లటి మడ్డి కక్కింది. ఆ తర్వాత దాని చప్పుడు అది అందుకుంది. మొదటి కుట్టుకే కింద దారం గూడు కట్టింది. చాలామంది బాబిన్‌ని తిడతారు గానీ, కింద గూడు కడితే తప్పు సాధారణంగా పై దారానిదే. పైకీ కిందికీ ఆడే కొక్కెంలోంచి దారం తప్పిపోయింది. మళ్లీ ఎక్కించాను.

జాకెట్టు తిరగేసి చూద్దును కదా, పక్కల్లో మూడు వరసల కుట్లు ఉన్నాయి. తర్వాత విప్పుకోవడానికి వీలుగా కొంచెం గుడ్డ వదిలి వరసలు వేయడం మామూలే. నా పట్టుచీర జాకెట్టుకు ఆయన లోపలి వరసను కూడా బిగించి పారేశాడు. బ్లేడుతో ఒక్క వరస విప్పాను. హుక్కులు కిక్కురుమనకుండా కలిశాయి. శుక్రవారం వ్రతం బ్రహ్మాండంగా జరిగింది. అమ్మవారికి ఏం మొక్కుకున్నానో ఇక్కడ రాయను, ఎదురింటి పిల్ల చత్వారం లాంటిదే.

అప్పటి నుంచి మిషన్ మీద వైఫై లేదు. పేరంటాల ముక్కలన్నీ ఒక్కొక్కటే జాకెట్లవుతున్నాయి, హుక్కులతో సహా. వినాయకుడికి మొండెం వచ్చింది. ఉత్సాహం పోయిందని దిగులుపడే ఆడపడుచులకు నేను చెప్పేది ఒక్కటే. మనసు బాగున్నప్పుడు కుడదామని కూర్చోకండి, మనసు బాగుంటే ఎవరైనా నిద్రపోతారు. మీ వీధిలో పొగరుబోతు టైలరు ఒకడు, నెమలి కుట్టే ఎదురింటావిడ ఒకతె, గలీబు తిప్పి చూసే పెద్దావిడ ఒకతె ఉన్నారేమో వెతుక్కోండి. లేకపోతే ఇల్లు మారండి.

మొన్న నేనే కుట్టుకున్న కొత్త జాకెట్టు వేసుకుని, పనేమీ లేకపోయినా ఆ టైలరు షాపు ముందు నుంచి రెండు వైపులా నడిచాను. ఆయన తల ఎత్తి చూస్తే ఒట్టు. ఇంటికి రాగానే ఇంకో ముక్క తీసి పరిచాను. ఈసారి చేతులకు పైపింగు కూడా వేస్తాను.