సున్నారావు గారి బయోడేటా

పార్లమెంటులో ఎవరు అడిగినా నైపుణ్యాభివృద్ధి శాఖ దగ్గర జవాబు తయారుగా ఉంటోంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో తర్ఫీదు పొందినవాళ్లలో ఎందరికి కొలువులొచ్చాయి మహాప్రభో అంటే, ఆ లెక్క మొదటి మూడు విడతల్లో కట్టాం, నాలుగో విడతలో మాత్రం రకరకాల కెరీర్ దారుల్లో నచ్చింది తామే ఎంచుకునేలా అభ్యర్థులను సాధికారులను చేస్తున్నాం అంటారు. కొలువు దొరికిందా అని అడగడం మానేసినందుకు ఇంత మర్యాదైన పేరు పెట్టడం ఢిల్లీ ఫైళ్లకే చెల్లింది.

ఈ సాధికారతను నూటికి నూరుపాళ్లు వాడుకున్న పౌరుడు దేశంలో ఒకాయన ఉన్నాడు. ఆయనే సున్నారావు గారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ముందు పెట్టిన కాగ్ నివేదిక ఆయనకు జాతకచక్రం. పథకం రెండు, మూడు విడతల్లోని 95.9 లక్షల మంది వివరాలు తిరగేస్తే, 94.53 శాతం మందికి బ్యాంకు ఖాతా గడిలో ఉన్నవి సున్నాలు. కాకుంటే ‘నల్’, లేదా ‘ఎన్‌ఏ’, అదీ కాకుంటే తెల్లగా ఖాళీ. మిగిలినవాళ్లలోనూ కొందరికి వరసబెట్టి ఒకట్లు, కొందరికి 123456. ఇన్ని లక్షల మందికీ ఖాతా ఒకటే అయినప్పుడు మనిషి కూడా ఒక్కడే అయి ఉండాలి కదా! ఫొటోలు చూసినా అదే అనుమానం. వేరువేరు పేర్ల పక్కన, వేరువేరు రాష్ట్రాల్లో, అదే ముఖం. పదహారు వేల ఇళ్లలో ఏకకాలంలో కనిపించడం కృష్ణుడికే సాధ్యమనుకున్నాం. నారదుడి పాత్ర ఈసారి ఆడిటర్లకు దక్కింది.

సున్నారావు చదువు సామాన్యమైనది కాదు. కుట్టు మిషన్ ఆపరేటర్, బ్యూటీ థెరపిస్ట్, సోలార్ ప్యానెల్ ఇన్‌స్టాలర్, డొమెస్టిక్ డేటా ఎంట్రీ ఆపరేటర్. ఈ చివరి కోర్సు పూర్తయ్యాక తన వివరాలు తానే కంప్యూటర్లో ఎక్కించుకున్నట్టున్నాడు.

శిక్షణ సంస్థలకు ఇలాంటి విద్యార్థి దొరకడం పూర్వజన్మ సుకృతం. బెంచీ అడగడు, టీ అడగడు, సారు ఎందుకు రాలేదని అసలే అడగడు. తనిఖీకి వెళ్లినవాళ్లకు కొన్ని కేంద్రాల తలుపులకు తాళాలు కనిపించాయి. అయినా సున్నారావు చదువు ఆగలేదు.

ఇక కెరీర్ గైడెన్సు. కౌన్సెలర్ ఎదుట కుర్చీ ఖాళీగా ఉంది.

“చెప్పండి సున్నారావు గారూ, మీకు ఏ రంగమంటే ఇష్టం?”

జవాబు లేదు.

“జీతం ఎంత ఆశిస్తున్నారు?”

జవాబు లేదు.

“వేరే ఊరు వెళ్లగలరా?” అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా కౌన్సెలర్ ఫారంలో రాసుకున్నాడు: అభ్యర్థి ఎక్కడికైనా వెళ్లగలడు, ఎంతకైనా చేయగలడు, తన దారి తానే ఎంచుకోగలడు.

అలాగని ఆయన బొత్తిగా నోరులేనివాడు కాదు. ఆడిటర్లు ఆన్‌లైన్ సర్వే పెట్టినప్పుడు, పంపిన ఈమెయిళ్లలో మూడో వంతుకు పైగా చేరనే లేదు. 171 జవాబులు మాత్రం వచ్చాయి. వాటిలో 131 ఒకే ఈమెయిల్ నుంచో, శిక్షణ సంస్థల ఈమెయిళ్ల నుంచో వచ్చినవి. గురువు గారి కలంతోనే శిష్యుడి అభిప్రాయం. గురుకులాల్లో కూడా ఇంత భక్తి ఉండేది కాదు.

శాఖ వివరణ ఒకటుంది. ఖాతా నంబరు మొదట్లో తప్పనిసరే, ఆధార్‌కు జతపడిన ఖాతాలోకి డబ్బు నేరుగా వెళ్తుంది గనక తరవాత సడలించాం అని. సరే. మరి వెళ్లిందా? సర్టిఫికెట్ పొందిన ఒక్కొక్కరికీ ఇస్తామన్నది 500 రూపాయలు. 34 లక్షల మందికి పైగా ఆ సొమ్ము అందలేదని అదే నివేదిక చెబుతోంది.

సున్నారావుకు ఆకలి ఉండదు, బస్సు చార్జీ ఉండదు. ఈ జాబితాలో అవి ఉన్నవాళ్లూ ఉన్నారు. కూలి మానుకుని, రెండు బస్సులు మారి, షట్టరు గదిలో పది మందికి ఒక్కటిగా ఉన్న మిషన్ తొక్కి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకున్న పిల్లలు వాళ్లు. రెండో విడత నిబంధనల ప్రకారం శిక్షణ సంస్థకు బ్యాచ్ మొదలుపెట్టగానే 30 శాతం, సర్టిఫికెట్ రాగానే 50 శాతం. ఉద్యోగానికి ముడిపెట్టింది ఆఖరి 20 శాతమే. ఆ పిల్లలకు పని దొరక్కపోయినా రూపాయిలో ఎనభై పైసలు సంస్థ జేబులో పడ్డట్టే. ఇది తెలియక జరిగిన పొరపాటు కాదు, కాగితం మీద సంతకాలు పెట్టి చేసిన ఏర్పాటు. మూడు విడతలకు దాదాపు 14,450 కోట్లు కేటాయించి, స్వల్పకాలిక శిక్షణల్లో సర్టిఫికెట్లు పొందినవాళ్లలో పని చూపించింది 41 శాతానికి. ఆ అంకె చూసి సిగ్గేస్తే శిక్షణను బాగుచెయ్యాలి. వీళ్లు లెక్క కట్టడం మానేశారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం నాలుగో విడతకు ఆమోదించిన మొత్తం 6,000 కోట్లు. ఈసారి సభలో ఎవరైనా లేస్తే కెరీర్ దారుల సంగతి పక్కన పెట్టి, ఆ 34 లక్షల మందికి బాకీపడ్డ 500 ఏ తేదీన ఇస్తారో, తాళం వేసిన సెంటర్లకు బిల్లులు పాస్ చేసినవాళ్లు ఇప్పుడు ఏ కుర్చీల్లో కూర్చున్నారో అడగాలి.