నిర్వచనంలో దొరికే వేగం

ప్రజలకు ఒక సదుపాయం కల్పించడానికి ప్రభుత్వాలకు రెండు దారులున్నాయి. ఆ సదుపాయాన్ని నిజంగానే నిర్మించి ఇంటింటికీ చేర్చడం మొదటిది. దీనికి గుంతలు తవ్వాలి, స్తంభాలు నాటాలి, తెగిన తీగను అతికే మనిషికి నెలనెలా జీతమివ్వాలి. ప్రజల దగ్గర ఇప్పటికే ఏది ఉందో దానికే ఆ సదుపాయం పేరు పెట్టడం రెండోది. దీనికి గెజెట్‌లో ఒక పేరా సరిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్, అంటే సమాచారాన్ని ఎడతెగకుండా, వేగంగా చేరవేసే ఇంటర్నెట్ సదుపాయం, మన దేశంలో ఇరవయ్యేళ్లుగా ఎక్కువ దూరం నడిచింది ఈ రెండో దారిలోనే కాబట్టి, దాని పురోగతిని తెలుసుకోదలచినవారు ముందుగా చూడవలసింది తీగలను కాదు, వాక్యాలను.

2004 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం, ఎల్లవేళలా తెరిచి ఉండి, ఇంటర్నెట్‌తో సహా ఇరువైపులా స్పందనకు వీలుండే సేవలను మోయగలిగి, సేవాసంస్థ కేంద్రం నుంచి ఒక్కొక్క వినియోగదారుడికి సెకనుకు కనీసం 256 కిలోబిట్ల డౌన్‌లోడ్ వేగాన్ని ఇవ్వగల సామర్థ్యమున్న కనెక్షన్ బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకుంటుంది. బిట్ అనేది సమాచారానికి అతి చిన్న కొలత. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఫోన్లలో, కంప్యూటర్లలో దస్త్రాల పరిమాణం బైట్లలో కనిపిస్తుంది, ప్రకటనల్లో వేగం మాత్రం బిట్లలో కనిపిస్తుంది, ఈ రెంటి మధ్య ఉన్న ఎనిమిది రెట్ల తేడా వినియోగదారుడి జేబులోంచి పోతుంది. ఆ 256 కిలోబిట్ల వేగంతో ఒక గిగాబైటు సినిమాను దించుకోవాలంటే తొమ్మిది గంటలకు కాస్త తక్కువ పడుతుంది. రాత్రి భోంచేసి మొదలుపెట్టినవాడు మరునాడు పొద్దున ఫలహారం వేళకు మొదటి దృశ్యం చూడవచ్చు, నడుమ కరెంటు పోకుండా ఉంటే.

ఆ నిర్వచన వాక్యంలో అసలు పనితనం అంకెలో లేదు, ‘ఇవ్వగల సామర్థ్యం’ అన్న పదబంధంలో ఉంది. వేగం ఇవ్వాలని రాస్తే ఇవ్వనివాడిని నిలదీయవచ్చు. ఇవ్వగల సామర్థ్యం ఉండాలని రాస్తే నిలదీయడానికి ఏమీ మిగలదు, ఎందుకంటే సామర్థ్యమనేది ఎన్నడూ బయటపడకపోయినా లోపల ఉందనే చెప్పుకోగలిగిన గుణం. దీనికి తోడు, ఒకే సరఫరాను ఎందరు పంచుకోవచ్చో తెలిపే నిష్పత్తిని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో గృహ వినియోగదారులకు ఒకటికి యాభైగా సూచించింది. అంటే సాయంత్రం ఏడు గంటలకు యాభై ఇళ్లలోనూ ఒక్కసారే మీట నొక్కరన్న నమ్మకం మీద ఈ సామర్థ్యం నిలబడి ఉంది.

వేగాన్ని ఎక్కడ కొలుస్తారన్నది మరింత ముచ్చటైన సంగతి. సేవాసంస్థ కేంద్రమంటే ఆ సంస్థకు చెందిన వినియోగదారుల కనెక్షన్లన్నీ ఒకచోట కలిసే స్థానం. నిర్వచనం ఆ కేంద్రం దగ్గర మొదలై అక్కడి నుంచి ఇంటిదాకా వస్తుంది. ఆ కేంద్రానికి అవతల, అసలు ఇంటర్నెట్ ఉన్న ప్రపంచంతో దానికి నిమిత్తం లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లా రైతులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ నేలపై, వేరుసెనగకు వాతావరణ ఆధారిత బీమా అమలైన సంవత్సరాల్లో, పరిహారం తేల్చింది పొలంలో ఎండిన చెట్టు కాదు, ఎక్కడో ఉన్న వర్షమాపకంలో పడిన చినుకు. మాపకం తడిస్తే పొలం తడిసినట్టే. సేవాసంస్థ కేంద్రంలో వేగముంటే ఇంట్లో ఉన్నట్టే అని చెప్పే దూరసమాచార శాఖకూ ఆ బీమా పత్రం రాసినవారికీ గురువు ఒకరే అయి ఉండాలి.

కదిరి నుంచి మదనపల్లె వైపు పోయే జాతీయ రహదారిపై ఉన్న తనకల్లును ఉదాహరణగా తీసుకోవడం ఇక్కడ సమంజసం. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం అంగుళమైనా కదలకుండానే అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు చేరింది. పేరు మారినంత మాత్రాన దూరాలు తగ్గవని అక్కడివారికి ఎవరూ బోధించనక్కర లేదు. అక్కడి రైతు, కూలీ, రేషన్ డీలరు, సచివాలయ ఉద్యోగి నిత్యం వాడే ఇంటర్నెట్ దాదాపు పూర్తిగా సెల్‌ఫోన్ టవరు దయాభిక్ష. దేశమంతటా పరిస్థితి ఇంతే: 2024 మార్చి నాటికి ట్రాయ్ లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు సుమారు 92 కోట్లు కాగా, అందులో తీగ ద్వారా సేవ పొందేవారు దాదాపు 4 కోట్లు.

ఈ 92 కోట్లు ఎలా పుట్టాయో తెలుసుకోవడం ఆనందదాయకం. 2004 విధానం 2010 నాటికి 2 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు లక్ష్యంగా పెట్టుకోగా, ఆ గడువు ముగిసేసరికి కోటికి కాస్త పైన తేలాయి. 2013 మార్చిలోనూ కోటీ యాభై లక్షల దగ్గరే ఉన్నాయి. ఆ ఏడాది నిర్వచనంలోని కనీస వేగం 512 కిలోబిట్లకు పెరిగింది. వేగం పెరిగితే అర్హులు తగ్గాలన్నది సామాన్య గణితం. కానీ అదే ఊపులో సెల్‌ఫోన్లనూ డాంగిళ్లనూ కూడా ఈ లెక్కలోకి తెచ్చినందువల్ల 2014 మార్చికి ఆ సంఖ్య 6 కోట్లు దాటింది. ఒక్క సంవత్సరంలో నాలుగు రెట్లు! భగీరథుడు కూడా ఇంత తక్కువ తవ్వకంతో ఇంత ప్రవాహం తెచ్చి ఉండడు.

ఇక గడువుల సంగతి. 2012 జాతీయ టెలికాం విధానం కనీస వేగాన్ని 2015 నాటికి 2 మెగాబిట్లకు, అంటే 2,000 కిలోబిట్లకు పెంచుతామని, ఆ తర్వాత కోరినవారికి 100 మెగాబిట్లైనా ఇస్తామని రాసింది. 2018లో వచ్చిన జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022 నాటికి ప్రతి పౌరుడికీ 50 మెగాబిట్లు అని ప్రకటించింది. 2022 వచ్చింది, వెళ్లింది. 2023 జనవరిలో గెజెట్ తెరిచి చూస్తే అందులో కొత్త కనీస వేగం 2 మెగాబిట్లు అని ఉంది. 2015కు వాగ్దానం చేసిన అంకె ఎనిమిదేళ్లు ఆలస్యంగా, అది కూడా 50 మెగాబిట్ల గడువు తీరిపోయిన మరుసటి నెలలో, కొత్త బట్టలు కట్టుకుని సభకు వచ్చింది. సభలో ఎవరూ నవ్వలేదు.

సెల్‌ఫోన్ చందాదారుడి విషయంలో నిర్వచనం ఉదారతకు హద్దుల్లేవు. చాలా పథకాల్లో రోజువారీ డేటా పరిమితి అయిపోగానే వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. అది 2004 నాటి కనీస వేగంలో నాలుగో వంతు. తీగ కనెక్షన్లకు పరిమితి దాటాక కూడా 512 కిలోబిట్లకు తగ్గరాదని ట్రాయ్ 2016లో ఆదేశించింది. గాలిలో వచ్చే ఇంటర్నెట్‌కు ఆ రక్షణ లేదు. కాబట్టి పగలంతా పిల్లల పాఠాలకు డేటా ఖర్చయిపోయి, సాయంత్రం ఒక చిత్రం తెరుచుకోక చక్రం తిరుగుతూ ఉన్న ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి ఆ క్షణంలో ఇరవయ్యేళ్ల కిందటి ప్రమాణానికి కూడా తూగడు, అయినా నెలాఖరు నివేదికలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారుడిగానే దర్జాగా నిలుస్తాడు.

ఇంతకంటె పెద్ద లోపం మరొకటుంది, దాని గురించి మాట్లాడేవారు అరుదు. నిర్వచనం డౌన్‌లోడ్ వేగాన్ని మాత్రమే, అంటే పైనుంచి వినియోగదారుడి వైపు దిగివచ్చే సమాచార వేగాన్ని మాత్రమే పేర్కొంటుంది. అప్‌లోడ్ గురించి, అంటే వినియోగదారుడి దగ్గర నుంచి పైకి వెళ్లే సమాచారం గురించి కనీస వేగమేదీ చెప్పదు. సినిమాలు చూసే పట్నవాసికి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. కానీ పల్లెను ఇంటర్నెట్‌తో ముడిపెట్టింది సినిమా కాదు, ప్రభుత్వమే. ఉపాధి హామీ పనిచోట కూలీల ఫోటోలను రోజుకు రెండుసార్లు, సమయమూ స్థలమూ ముద్రపడేలా, ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లో ఎక్కించాలన్న నియమం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. రేషన్ దుకాణంలో ఈ-పోస్ యంత్రంపై వేసిన వేలిముద్ర పైకి వెళ్లి ఆధార్ సర్వరును పలకరించి రావాలి. సాగు చేసిన పంట ఈ-పంటలో నమోదు కావాలంటే పొలంలో నిలబడి తీసిన ఫోటో పైకి వెళ్లాలి. బడిలో ఉపాధ్యాయుల హాజరుకు 2022 నుంచి ముఖమే పైకి వెళ్తోంది. పల్లె నుంచి రాజ్యం అడిగేదంతా పైకి పంపమనే. రాజ్యం హామీ ఇచ్చే వేగమంతా కిందికి దిగేదే. వేలిముద్ర, ముఖం, పొలం, చెమట అన్నీ ఎక్కవలసిన మెట్లకు కొలత లేదు, దిగే మెట్లకు మాత్రం గెజెట్‌లో కొలత ఉంది.

లెక్క వేసి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. రెండు మెగాబైట్ల ఫోటో అంటే పదహారు మెగాబిట్లు. టవరు అంచున, గుట్ట చాటున, సెకనుకు వంద కిలోబిట్లు మాత్రమే పైకి ఎక్కే చోట ఆ ఒక్క ఫోటోకు రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది, అదీ సిగ్నల్ మధ్యలో తెగకపోతే. తెగితే చాలాసార్లు మొదటి నుంచి మళ్లీ ఎక్కించాలి. సిగ్నల్ లేనిచోట ఫోటో తీసి పెట్టుకుని తర్వాత పంపే వెసులుబాటు ఉందని అధికారులు గుర్తుచేస్తారు. నిజమే, కానీ ఎప్పటికో అప్పటికి అది పైకెక్కాలి, ఎక్కకపోతే కూలి లెక్కకెక్కదు. ఈ తిప్పలన్నీ పడుతున్న, కూలీల హాజరు వేసే మేటు చేతిలోని ఫోనుకు డౌన్‌లోడ్‌లో 2 మెగాబిట్లు అందుకునే సామర్థ్యం ఉన్నంతవరకు, నిర్వచనం దృష్టిలో ఆ పనిచోట బ్రాడ్‌బ్యాండ్ కళకళలాడుతున్నట్టే.

తీగ విషయంలో వాక్యాలే కాదు, తీగలు కూడా వేశారన్నది న్యాయంగా ఒప్పుకోవాలి. 2011 అక్టోబరులో ఆమోదం పొంది, రెండేళ్లలో రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరును, అంటే వెలుగు రూపంలో సమాచారాన్ని మోసే గాజుపోగును చేర్చవలసిన పథకం, భారత్‌నెట్ అని పేరు మార్చుకుని ఇంకా పని చేస్తూనే ఉంది. 2023 ఆగస్టులో దానికి మరో లక్షా 39 వేల కోట్లు మంజూరయ్యాయి. 2024 నాటికి 2 లక్షలకు పైగా పంచాయతీలు ‘సేవకు సిద్ధం’ అయ్యాయని లెక్క. ఈ ‘సిద్ధం’ అన్నది ‘సామర్థ్యం’ అన్నదానికి సొంత చెల్లెలు. పంచాయతీ కార్యాలయం గోడకు పెట్టె బిగించి, దానిలోకి పోగు చేర్చి, ఒకసారి దీపం వెలిగితే పంచాయతీ సిద్ధమైనట్టే. తర్వాత ఆ గదికి తాళం పడిందా, ఆ పోగు మీదుగా జేసీబీ నడిచిందా అన్నది వేరే కాలమ్‌లో రాసుకునే విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఏర్పడిన స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ గుంతల గొడవ లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగి, 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామని 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించింది. ఆలోచనలో చురుకుదనం ఉంది, స్తంభం ఎక్కడైతే ఉందో తీగ అక్కడికి పోతుంది. గాలివానకు స్తంభం ఒరిగిన రాత్రి కరెంటూ, టీవీ, ఇంటర్నెట్ ఏకకాలంలో సెలవు తీసుకోవడం కూడా ఆ చురుకుదనంలోనే ఇమిడి ఉంది.

ఇతర దేశాలలో దేవతలు పాలిస్తున్నారని కాదు. అమెరికా సమాచార సంఘం ఎఫ్‌సీసీ 1999లో 200 కిలోబిట్లనే బ్రాడ్‌బ్యాండ్ తరహా వేగంగా లెక్కించింది, కానీ ఆ వేగం రెండు వైపులా ఉండాలన్నది. 2015లో ఆ కొలతను డౌన్‌లోడ్‌కు 25, అప్‌లోడ్‌కు 3 మెగాబిట్లుగా పెంచగానే, సుమారు 5 కోట్ల 50 లక్షల మంది అమెరికన్లకు బ్రాడ్‌బ్యాండ్ లేదని తేలింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2024లో ఆ అంకెలు 100కూ 20కీ చేరాయి. ఫిన్లాండు 2010 జూలై నుంచి ఒక మెగాబిట్ కనెక్షన్‌ను పౌరుడి చట్టబద్ధ హక్కు చేసింది; బ్రిటన్ 2020 మార్చి నుంచి 10 మెగాబిట్ల డౌన్‌లోడ్, 1 మెగాబిట్ అప్‌లోడ్ కోరే హక్కునిచ్చింది. నిర్వచనం పైకి జరిగినప్పుడు అక్కడ లోటు బయటపడింది, ఇక్కడ చందాదారుల సంఖ్య పెరిగింది. తేడా అంతా అందులోనే ఉంది.

ప్రమాణాన్ని ఒక్కసారిగా పెంచితే వెనుకబడిన మండలాలు లెక్కలోంచి జారిపోతాయని, అది గ్రామీణులకే నష్టమని ఒక వాదన వినిపిస్తుంటుంది. జారిపోవడం నష్టమయ్యేది లెక్కకే కాని మండలానికి కాదు. తనకల్లు, నల్లచెరువు, నంబులపూలకుంట మండలాలకు బ్రాడ్‌బ్యాండ్ లేదని ఒక నివేదిక నిజాయితీగా రాస్తే, మరుసటి సంవత్సరం అక్కడికి తీగో టవరో తేవలసిన పూచీ ఎవరిదో ఒకరిది అవుతుంది. ఉందని రాస్తే ఎవరిదీ కాదు. కరువు మండలాల జాబితాలో పేరు లేకపోతే ఏమవుతుందో ఆ ప్రాంతపు రైతులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు.

కనుక దూరసమాచార శాఖ ఈసారి నిర్వచనం సవరించేటప్పుడు అంకె పక్కన సున్నాలు పెంచే శ్రమ పడనవసరం లేదు. వేగాన్ని సేవాసంస్థ కేంద్రం దగ్గర కాక వినియోగదారుడి చేతిలో, తెల్లవారుజామున కాక సాయంత్రం ఏడు గంటలకు కొలవాలని, డేటా పరిమితి అయిపోయినవాడిని ఆ రోజుకు లెక్కలోంచి తీసేయాలని, అప్‌లోడ్‌కు కనీస వేగం ఎంతో రాయాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. సామర్థ్యం అన్న మాట కొట్టివేసి ఇవ్వాలి అని రాస్తే ఇంకా మంచిది, దానికి సిరా ఖర్చు కూడా తక్కువే. అంతవరకు తనకల్లులో బ్రాడ్‌బ్యాండ్ ఉందా అన్న ప్రశ్నకు ఢిల్లీ చెప్పే జవాబును పక్కనపెట్టి, రేషన్ దుకాణం ముందు బొటనవేలు చాపి నిలబడ్డ మనిషినే అడగాలి.