బరువుపట్టీకి టీకా తాత్పర్యం

మూలం
సోమ 82.4. మంగళ 82.1. బుధ 81.9. గురు 83.2 (పెళ్ళి). శుక్ర —. శని —. ఆది 82.0.

అవతారిక
వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే క్యాలెండరులో, శ్రావణమాసపు గడుల్లో, రాహుకాలానికీ గ్యాసుబండ వచ్చిన గుర్తుకీ మధ్య దొరికిన జాగాలో బాల్‌పెన్నుతో రచింపబడిన గ్రంథమిది. కర్త ఈ ఇంటి యజమాని. ఫలం, దసరా నాటికి 78 కిలోలు. ఈ శాస్త్రానికి పూర్వాచార్యుడు ఇటలీ వైద్యుడు సాంటోరియో. ఆయన త్రాసుకు కుర్చీ వేలాడదీసుకుని, తిన్నదీ విడిచిందీ తూచుకుంటూ దాదాపు ముప్పై ఏళ్ళు గడిపి, 1614లో గ్రంథం అచ్చువేశాడు. మనవాడిది మూడో వారం.

ప్రతిపదార్థం
సోమ = సోమవారమునాడు; 82.4 = ఎనభైరెండు కిలోల నాలుగువందల గ్రాములు; 'ఉన్నాను' అని అధ్యాహారం. కాఫీకి ముందు, బాత్రూముకు తరువాత, లుంగీతో అనేవి కూడా అధ్యాహార్యాలే. అవి లేనిదే అన్వయం కుదరదు. ఒకనాడు పరగడుపునా మరునాడు టిఫినయ్యాకా తూగితే వచ్చే తేడా ఒంటిది కాదు, ఇడ్లీది.

బుధ 81.9. ఈ అంకె చుట్టూ కర్త రెండుసార్లు సున్నా చుట్టాడు. సంతోషం వ్యంగ్యం.

గురు 83.2. వ్యాఖ్యాతలు తగువుపడేది ఇక్కడే. రాత్రికి రాత్రి కిలోమూడువందలు పెరగడమేమిటి? కిలో కొవ్వు చేరాలంటే ఖర్చు పోను సుమారు 7,700 కేలరీలు మిగలాలి. ఈ లెక్కన పదివేలు మిగలాలి. ఒక్క పెళ్ళిభోజనంతో అయ్యే పని కాదు. కనుక 'లావయ్యాను' అనే వాచ్యార్థం ఇక్కడ చెల్లదు. పులిహోరలోనూ ఆవకాయలోనూ ఉన్న ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. అన్నంలోని పిండిపదార్థం కండరాల్లో నిల్వపడేటప్పుడు తనకు మూడింతల నీటిని వెంటబెట్టుకుపోతుంది. కడుపులో ఇంకా అరగని విందు సరేసరి. లక్ష్యార్థం 'నీళ్ళు' అని గ్రహించాలి.

అదే గడిలో ఎర్ర ఇంకుతో 'బూరెలు 4' అని కనబడుతోంది. దస్తూరీ పాలలెక్క రాసిన చేతిది. గృహిణి చేర్చిన ప్రక్షిప్తమనడంలో సందేహం లేదు. అయినా పరిష్కర్తలు దీన్ని తొలగించరాదు. అంకె ఎందుకు పెరిగిందో చెప్పే పాఠం గ్రంథం మొత్తమ్మీద ఇదొక్కటే.

శుక్ర —, శని — = గ్రంథపాతం. చెదలు తిన్న జాడ లేదు. మిషను పాడయిందా అంటే, ఆ రెండు రోజులూ పిల్లలు దానిమీదెక్కి గెంతారు. గురువారం 83.2 చూసినవాడు శుక్రవారం మిషనెక్కడు, అంతే. అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సుగుణాల పట్టీ గీసుకుని, తప్పిన రోజున గడిలో నల్లచుక్క పెట్టుకునేవాడు. మనవాడు తప్పిన రోజున గడినే వదిలేశాడు. ఖాళీలు ఇలా ఎక్కువ తూగే రోజులమీదే పడుతుంటే, మిగిలిన అంకెల సగటు మనిషికంటే సన్నగా తేలుతుంది. నన్నడిగితే ఈ వారానికంతటికీ రసవత్తరమైన భాగం ఈ రెండు అడ్డగీతలే.

తాత్పర్యం
ఉన్న అయిదు అంకెల సగటు 82.3. కిందటి వారానిది 82.7. తగ్గుతున్నాడు. శుక్రశనులు కూడా రాసి ఉంటే ఈ తగ్గుదల ఇంత ముచ్చటగా ఉండేది కాదు, కాని నమ్మబుద్ధయ్యేది.

అలంకారం
ఎనిమిదో తరగతి చదివే కొడుకు దీన్ని గ్రాఫుకాగితం మీదికెక్కించాడు. లెక్కలను గీతలుగా చూపే ఈ పద్ధతిలో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండువాడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను చూపించాడు. ఆ పుస్తకం 1786 నాటిది. కుర్రవాడు మొదట నిలువుగీతను సున్నా నుంచి నూరు దాకా గీశాడు. ఇది స్వభావోక్తి. గీత మాత్రం వారమంతా చాపేసుకుని పడుకున్నట్టుంది. తండ్రి మొహం చూసి, రెండో కాగితం మీద 81 నుంచి 84 దాకా గీశాడు. ఇది అతిశయోక్తి. బుధవారం లోయ, గురువారం శిఖరం. బీరువా తలుపుకు అంటించింది దీన్నే.

రెండూ గ్రాహ్యాలే, గీత కింద ఏ అంకె నుంచి మొదలైందో చదువుకుంటే చాలు. ఈ రెండోదానితో చిక్కు వేరే ఉంది. 81 దగ్గర మొదలైన కాగితంలో 78కి చోటు లేదు. కర్త ఇంకా గమనించలేదు.