ఒక ‘లైను’కు టీకా తాత్పర్యము

ఆ. కుర్రవాడు టెన్తు; కోరిన పిల్లేమొ
టాపరంట; తండ్రి కోపశీలి;
మంచి లైను సారు! మన జూబిలీహిల్సు
బంగళాయె మనకు బడి యగు నిక.

అవతారిక: ఫిల్మ్‌నగర్‌లో ఒకానొక నిర్మాతగారి ఆఫీసున, ఏసీ పనిచేయని ముందు గదిలో, కృష్ణానగర్ వాస్తవ్యుడైన ఒక అసిస్టెంట్ డైరెక్టరు విన్నవించిన పద్యమిది. స్కూలు పిల్లల వెబ్ సిరీసులకు గిరాకీ ఉన్నదని విని, పొద్దున్నే పెద్దమ్మ గుడిలో స్క్రిప్టుకు బొట్టు పెట్టించుకొని వచ్చాడు. కవి పేరు తెలియరాలేదు. టైటిల్స్‌లో ఎలాగూ పడదు గనుక విచారించలేదు.

ప్రతిపదార్థము: కుర్రవాడు = నాయకుడు; టెన్తు = పదో తరగతి వాడు, అనగా తెల్లవారుజామున నాలుగింటికి లేపబడువాడు; కోరిన = చూపులతో మాత్రమే కోరినట్టి; పిల్లేమొ = పిల్లయో; టాపరంట = ఫ్లెక్సీ మీద ఫొటో పడదగినదట; తండ్రి = జనకుడు; కోపశీలి = ఊరక కూర్చున్నను కోపముగా కనబడువాడు; లైను = నిర్మాత కాఫీ తాగులోపల ముగియవలసిన కథ; సారు = ఓ డబ్బు పెట్టువాడా; బంగళాయె = షూటింగులకు అద్దెకిచ్చు ఇల్లే; బడి యగున్ = గోడకు టైంటేబుల్ అంటించినంతనే పాఠశాల యగును; ఇక = అడ్వాన్సు ఇచ్చిన పిమ్మట.

తాత్పర్యము: సుగమము. అడ్వాన్సు కావలెనని భావము.

విశేషములు: ‘టెన్తు’ అన్నచోట ‘ఇంటరు’ అని పాఠాంతరం ఉంది. గణభంగమని తెలిసీ మనవాళ్ళు తరచు దీన్నే గ్రహించారు. తేజ ‘చిత్రం’ (2000) నాయకుడు పదిహేడేళ్ళవాడు. శ్రీకాంత్ అడ్డాల ‘కొత్త బంగారు లోకం’ (2008) ఇంటర్ కథ. శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ (2007) ఏకంగా ఇంజినీరింగుకే వెళ్ళిపోయింది. 2025లో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ నాయకుడు ఎంసెట్ తప్పి లాంగ్‌టర్మ్‌లో కూర్చున్నవాడు. హైస్కూల్లో మనవాడికి ప్రేమించే తీరిక ఏది? స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్స్ పోగా మిగిలేది రికార్డు రాసుకునే వేళ.

వయసు దగ్గర ఒక ముక్క. 1990లో అమెరికాలో ‘బెవర్లీ హిల్స్, 90210’ అనే హైస్కూలు పిల్లల టీవీ సిరీసు మొదలైంది. పేరులోని అంకె అక్కడి పిన్‌కోడ్, మన జూబ్లీహిల్స్‌కు 500033 ఎట్లాగో అట్లా. అందులో స్కూలు పత్రిక ఎడిటరుగా వేసిన గాబ్రియేల్ కార్టెరిస్‌కు అప్పటికి 29 ఏళ్ళు. మనవాళ్ళు ఇందులో మర్యాదస్తులే. ‘చిత్రం’ విడుదలనాటికి ఉదయ్ కిరణ్‌కు ఇరవై నిండలేదు. ‘కొత్త బంగారు లోకం’ నాటికి శ్వేతాబసు ప్రసాద్‌కు పదిహేడే.

‘బంగళాయె బడి’ అనుటలో అతిశయోక్తి ఉన్నదని కొందరి ఆక్షేపణ. లేదు. ఊళ్ళో ఎన్ని జూనియర్ కాలేజీలు ఆటస్థలం లేక అపార్టుమెంటు వంటి బిల్డింగుల్లో నడవడం లేదు? ఇది శుద్ధ స్వభావోక్తి. ఒక్క జాగ్రత్త: ఆర్ట్ డైరెక్టరు విదేశీ సిరీసులు చూసి కారిడార్ పొడుగునా లాకర్లు పెడతానంటాడు. పెట్టనీయరాదు. మనకు లాకరంటే బ్యాంకులో అమ్మ నగలుండేది. పుస్తకాలు వీపు మీదే ఉంటాయి.

ఇక ‘టాప’, ‘కోప’ అనుచోట ప్రాసయతి. ఇది కవి ప్రయత్నపూర్వకంగా చేసినది కాదు, లోకధర్మం. పక్కింట్లో టాపరున్న ప్రతి ఇంట తండ్రికి కోపం తనంతట కుదురుతుంది.

రసమేదని ప్రశ్న. శృంగారమని యూనిట్ వారందరూ అంటారు. నేనొప్పుకోను, భయానకం. ప్రోగ్రెస్ కార్డు ఆలంబనం. సందు చివర స్కూటరు చప్పుడు ఉద్దీపనం. టీవీ కట్టి, ఫిజిక్సు పుస్తకం తెరిచి, అది తలకిందులుగా ఉందని చూసుకుని తిప్పడం అనుభావం. నాన్న లోపలికి వచ్చి ఎవరినీ ఏమీ అడగడు. చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి టీవీ వెనక చెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంటుంది. అప్పుడు పట్టే చెమటే సాత్త్విక భావం.

దీనికి లక్ష్యం: 2024 జనవరి 5న ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’. దర్శకుడు ఆదిత్య హాసన్. అందులో పదో తరగతి కుర్రవాడు రఘుగా మౌళి ఉన్నాడు, వాడి మనసులో ఒక అమ్మాయీ ఉంది. అయినా ఆ సిరీసును ఇంటింటా కూర్చోబెట్టి చూపించింది లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా వేసిన శివాజీ. పాశ్చాత్య సిరీసుల్లో తల్లిదండ్రులు ఊరెళితే కథ మొదలవుతుంది. అదే అదనుగా పిల్లలు పార్టీ చేసుకుంటారు. మన దగ్గర నాన్న ఇంటికొస్తే గానీ కథ మొదలు కాదు. అందుచేత కుర్రవాడు పేరుకే నాయకుడు. పద్యంలో తండ్రికి రెండు పదాలే దక్కినా కథంతా ఆ రెండింటి మీదే నిలిచింది. ‘తండ్రి’కి ‘జనకుడు’ అని మాత్రమే అర్థం రాసి ఊరుకున్న ఈ టీకలోని లోపం కూడా అదే.

కనుక నిర్మాత మహాశయులకు మనవి: కుర్రవాడికి, పిల్లకు ఆడిషన్లు పెట్టి కొత్తవాళ్ళను తీసుకోండి. తండ్రి వేషానికి మాత్రం ముందు మంచి నటుడి డేట్లు పట్టి, ఆ తరువాతే బంగళాకు అడ్వాన్సు ఇవ్వండి.