మా రోజుల్లో ఎలుకకి ఇంత మర్యాద లేదు

మా రోజుల్లో ఎలుక అంటే ఎలుకే. వినాయక చవితి నాడు దేవుడి వాహనమని దణ్ణం పెట్టేవాళ్లం, మర్నాడు గాదె కింద కనపడితే చీపురు తిరగేసి వెంటపడేవాళ్లం. చేలో కలుగులు ఎక్కువైతే యానాదులకి కబురెళ్లేది. వాళ్లొచ్చి కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊదేవాళ్లు. ఏ కలుగుకి ఎన్ని దారులున్నాయో, ఎలుక ఏ దారిన బయటపడుతుందో మట్టి చూసి చెప్పేవాళ్లు. ఆ విద్య మీ కాలేజీల్లో ఎవరూ చెప్పరు. నాకూ రాదనుకో, గట్టు మీద నిలబడి చూసినవాణ్ణే.

ఇప్పుడు ఎలుకల వైభోగం చూడు. హైదరాబాదులో ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది, 1977లో పుట్టిన సంస్థ. అలాంటి చోట్ల చిట్టెలుకలకి ఏసీ గదులు, కొలిచి పెట్టే మేత, వేళకి దీపం, వేళకి చీకటి. లోపలికెళ్లేవాడు మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకోవాలి, తన రోగం ఎలుకకి అంటకుండా! ఇక్కడ చిలకలూరిపేటలో మే నెల వడగాడ్పుకి తడి తువ్వాలు కప్పుకుని, కరెంటెప్పుడొస్తుందా అని అరుగు మీద కూర్చునే మనిషికి ఆ భాగ్యం లేదు.

ఈ సంగతులన్నీ నాకు మా మనవరాలి వల్ల తెలిశాయి. మూలకణాల మీద పరిశోధన అంటూ హైదరాబాదు చేరింది. పెళ్లెప్పుడే అంటే, "ఈ ఎలుకలు పిల్లలు పెట్టనీ తాతయ్యా" అంటుంది. చిట్టెలుక 20 రోజులకి పిల్లల్ని పెడుతుందని చెప్పిందీ అదే. ఆ లెక్కన ఎన్ని కాన్పులైపోయాయో! ఇంకో మాట వినరా అబ్బాయ్. మేనమామ కూతుర్ని చేసుకున్నానని నాకు గంటసేపు క్లాసు పీకిన పిల్ల ఇది. మేనరికం తప్పంట, రోగాలొస్తాయంట. తీరా చూస్తే వీళ్ల చిట్టెలుకల్లో అన్నాచెల్లెళ్లకి వరసగా 20 తరాలు జత కట్టిస్తేగానీ శుద్ధమైన వంశం కింద లెక్క కాదట. అన్నీ ఒకే అచ్చున ఉండాలి గాబట్టి అట. బ్లాక్ సిక్స్ అని ఒక నల్ల చిట్టెలుక వంశం అమెరికాలో 1921లో మొదలై ఇప్పటిదాకా లెక్క తప్పకుండా నడుస్తోంది. మా ఇంట్లో ముత్తాత పేరు అడిగితే నేనే నీళ్లు నములుతాను.

తార్నాకలో ఇంకో సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరింది. వాళ్ల ఎలుకల మందలో ఊబకాయంతో పుట్టినవాటిని చేరదీసి, 1990లలో ఒక వంశమే నిలబెట్టారు. మనుషుల ఊబకాయం, షుగరు ఎట్టా ముదురుతాయో వాటిలో చూస్తారు. మా రోజుల్లో బలిసిన ఎలుక అంటే షావుకారు గోదాములో పందికొక్కు ఒక్కటే, దాన్ని చూసి ఎవరూ కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

అసలు జన్యువు అనే మాట మా పేటకి 2002లో బీటీ పత్తి ప్యాకెట్టు ఎక్కి వచ్చింది. శనగపచ్చ పురుగుకి మందు కొట్టి కొట్టి చేతులు పడిపోయినవాళ్లం, కళ్లకద్దుకున్నాం. కొన్నేళ్లకి గులాబీ రంగు పురుగు ఆ జన్యువుని కూడా జీర్ణం చేసుకుంది. అందుకే జన్యువు పేరెత్తితే నాకు ముందు అనుమానం, తర్వాతే ఆశ్చర్యం.

ఆశ్చర్యపడాల్సినవి ఉన్నాయి, కాదనను. 1981లో కేంబ్రిడ్జిలో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ చిట్టెలుక పిండం నుంచి మూలకణాలు తీసి గాజు పళ్లెంలో పెంచారు. శరీరంలో ఏ కణంగానైనా మారగలిగే కణాలవి. వాటిలో ఒక జన్యువుని చెడగొట్టి, వాటి నుంచి ఎలుకల్ని పుట్టించి, ఏం లోపం వచ్చిందో చూస్తే ఆ జన్యువు చేసే పనేమిటో బయటపడుతుంది. ఎవాన్స్‌కీ, కపెక్కి, స్మితీస్ అనే మరో ఇద్దరికీ 2007లో నోబెల్ ఇచ్చారు. 2006లో జపాన్‌లో యమనాకా ఏకంగా చిట్టెలుక తోక నుంచి తీసిన కణాలకి నాలుగు జన్యువులు ఎక్కించి, వాటిని పిండం నాటి స్థితికి వెనక్కి తోలాడు. ముదురు కణం లేత కణమైంది. ఆ మాట వినగానే నేను నా మోకాళ్ల వంక చూసుకున్నాను.

నాలాంటివాళ్లు అట్టా చూసుకుంటారనే ఊళ్లలో బోర్డులు లేచాయి. మోకాళ్లకి మూలకణం, షుగరుకి మూలకణం, బట్టతలకి మూలకణం! దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం రక్తపు జబ్బులకి చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతావన్నీ ఇంకా పరిశీలనలో ఉన్నవే, వాటిని డబ్బు పుచ్చుకుని వైద్యంగా అమ్మకూడదు. ఆ ఎలుకల గదిలో పిల్ల ఒక్క ప్రశ్నకి ఏళ్లూ పూళ్లూ కూర్చుంటే, బోర్డువాడికి సాయంత్రంలోగా జవాబు దొరుకుతోంది. మా కాలం నాటి నిదానం ఇంకా మిగిలింది ఆ గదిలోనే, అదే నా ఏడుపు.

సీసీఎంబీలోనే జ్యోత్స్నా ధావన్ అనే ఆవిడ కండరాల్లోని మూలకణాల మీద పనిచేశారు. ఆ కణాలు మామూలప్పుడు నిద్రలో ఉంటాయట, కండకి గాయమైతే లేచి మరమ్మతు చేస్తాయట. వయసు మీద పడ్డకొద్దీ లేవడానికి బద్ధకిస్తాయని మా మనవరాలు చెప్పింది. పొద్దున్నే నాలుగింటికి లేచే మనిషి ఒంట్లో ఇట్టాంటి సోమరిపోతులా!

ఇక మాయ సంగతి. మా రోజుల్లో కాన్పయితే మంత్రసాని బొడ్డు కోసి, మాయని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేది. అక్కడితో సరి. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు ఆ మాయ పొరతో చూపు తెప్పిస్తున్నారు. 1987లో ఆ ఆసుపత్రి పెట్టిన గుల్లపల్లి నాగేశ్వరరావు గారు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినాయనే, ఈ ముక్క మాత్రం నువ్వు నలుగురికీ చెప్పు. కంట్లో సున్నమో యాసిడో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు మాడిపోతాయి. అవి పోతే తెల్లగుడ్డు మీది పొర నల్లగుడ్డు మీదికి పాకుతుంది, వేరే నల్లగుడ్డు తెచ్చి కుట్టినా నిలవదు. 2001 నుంచి అక్కడ సంగ్వాన్, గీతా వేముగంటి గార్లు బాగున్న కంటి అంచు నుంచి రవ్వంత ముక్క తీసి, మాయ పొర మీద రెండు వారాల లోపు పెంచి, పోయిన కంటికి అతికించారు. మిరప నారు పోసి చేలో నాటినట్టన్నమాట. తర్వాత 2012లో, నారుమడి కూడా ఎందుకని, ఆ ముక్కనే సన్నగా తరిగి నేరుగా కంటి మీదే పొర పరిచి ఎదబెట్టే పద్ధతి లోకానికి చెప్పారు. పెద్ద ల్యాబు అక్కర్లేదు, ఖర్చు తగ్గింది. మా నాయన కూడా మిరప ఎదబెట్టేవాడు. మీరే నర్సరీలకి పోయి ట్రేల్లో నారు కొంటున్నారు.

మా చిన్నప్పుడు పిల్లల కంట్లో సున్నం పడితే ఆముదం చుక్క వేసేవాళ్లం. కన్ను పోతే రాత అనుకునేవాళ్లం. ఆ రోజులు మంచివే, కాకపోతే ఒంటికన్నువాళ్లు ఊరికి నలుగురుండేవాళ్లు.

కాబట్టి అబ్బాయ్, సున్నం పొట్లాలు, డబ్బీలు పిల్లలకి అందకుండా పైన పెట్టండి. పిల్లలు వాటిని నొక్కి ఆడుకుంటూనే కళ్లు పోగొట్టుకుంటున్నారు. పడిందా, ఆముదం వద్దు, పాలు వద్దు. మంచినీళ్లతో అరగంట ఆగకుండా కడిగి, అప్పుడు ఆటో ఎక్కించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నా సున్నం డబ్బీ మాత్రం నా బొడ్డోనే ఉంటుంది, దాని జోలికి ఎవరూ రావద్దు.