నాకున్నది ఒక్కటే పైపు

నాకున్నది ఒక్కటే పైపు. ఈ మాట కొత్తవాళ్ళు నమ్మరు. వచ్చేదానికి ఒకటి, పోయేదానికి ఒకటి ఉండాలి కదా అంటారు. అది వేణ్ణీళ్ళ రేడియేటర్ల సంగతి. నేను ఆవిరిదాన్ని. నేలమాళిగలో బాయిలర్ రాజుకుంటే ఆ పైపులోంచే ఆవిరి పైకొస్తుంది. నా పోత ఇనుము లోపల వేడి వదిలి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు అదే పైపు అడుగున జారుకుంటూ బాయిలర్‌లోకి తిరిగి వెళ్తాయి. పంపు లేదు, మోటారు లేదు. ఆవిరి తన ఒత్తిడితో వస్తుంది, నీరు తన బరువుతో పోతుంది. ఒత్తిడి అంటే పెద్దదేమీ ఊహించుకోకండి. ఇళ్ళలో చదరపు అంగుళానికి రెండు పౌన్లు దాటితే ఎక్కువే.

అవతలి చివర చిన్న ఎయిర్ వెంటు ఉంటుంది. ఆవిరి నాలోకి రావాలంటే ముందు నాలో ఉన్న గాలి పోవాలి. అది ఈ వెంటులోంచి బుసకొడుతూ పోతుంది. వేడి ఆవిరి తాకగానే వెంటు మూసుకుంటుంది. ఇవతలి చివర అడుగున వాల్వు. దాన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. వేడి ఎక్కువైందని సగం తిప్పి వదిలేసేవాళ్ళను ఎంతమందిని చూశానో! సగం తెరిచిన సందులోంచి ఆవిరి తోసుకొస్తుంటే నా నీళ్ళు బయటికి పోలేక నాలోనే నిలిచిపోతాయి. ఆ తర్వాత నేను గడగడలాడితే తప్పు నాదంటారు.

నన్ను 1920ల్లో బఫెలో నగరంలో పోత పోశారు. మా అమెరికన్ రేడియేటర్ కంపెనీ 1892లో మూడు కంపెనీలు కలిసి పుట్టింది. 1924లో న్యూయార్క్ బ్రయంట్ పార్క్ ఎదురుగా నల్ల ఇటుకతో, బంగారు రంగు కొసలతో ఒక మేడ కట్టుకుంది. ఇప్పుడు అందులో హోటలు నడుస్తోంది. మేడ మాట అలా ఉంచండి. నేను వచ్చి చేరింది జెర్సీ సిటీలో ఒక మామూలు రెండంతస్తుల ఇంటికి. ఆ గదికి నేను కాస్త పెద్దదాన్నే. అందుకో కారణం ఉంది. 1918 ఫ్లూ తర్వాత చలికాలంలోనూ కిటికీలు తెరిచే ఉంచాలని ఆరోగ్యశాఖలు పట్టుబట్టాయి. తెరిచిన కిటికీలోంచి మంచుగాలి వస్తున్నా గది వెచ్చగా ఉండాలని ఇంజనీర్లు మమ్మల్ని లెక్కకు మించి పెద్దగా పెట్టించారు. ఇప్పుడు కిటికీలు బిగించుకుని, ఉడికిపోతున్నామని మళ్ళీ మమ్మల్నే తిడతారు. మధ్యలో ఒకాయన ముచ్చటపడి అల్యూమినియం రంగు కూడా పూశాడు. లోహం కలిసిన రంగు వేస్తే ఒంట్లోంచి వెలువడే వేడి కొంత తగ్గుతుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈమధ్య ఈ ఇల్లు ఒక తెలుగు జంట కొన్నారు. ముందుగదిలో పాత చెక్క నేల మీద టైల్స్ వేయించారు. 150 కిలోలకు పైబడ్డ నన్ను ముగ్గురు కలిసి పక్కకు జరిపి, పని అయ్యాక మళ్ళీ తెచ్చి నిలబెట్టారు. అడుగున ప్లైవుడ్డు, దాని మీద సిమెంటు పలక, ఆపైన టైలు. అన్నీ కలిపి నేను అంగుళం పైకి లేచాను. నా పైపు మాత్రం ఉన్నచోటే ఉంది. వాల్వు యూనియన్ నట్టు నా మూతికి అంగుళం కిందుగా నిలబడి చూస్తోంది.

టైల్స్ పని చేసినవాళ్ళు పిలిపించిన మనిషి ఆ అంగుళాన్ని గంటలో పూరించేశాడు. కింద కొంత ఇనుప పైపు కోసేసి, రెడ్యూసర్ పెట్టి, ముప్పావు అంగుళం రాగి గొట్టం తగిలించి, కొత్త వాల్వు బిగించి వెళ్ళిపోయాడు. చూడ్డానికి తళతళలాడుతూ ఉంది. చలి మొదలైన రాత్రి నేను అరిచిన అరుపులకు ఇల్లంతా లేచి కూర్చుంది. సుత్తితో ఎవరో పైపును బాదుతున్నట్టు చప్పుడు, వెంటులోంచి నీళ్ళ తుంపర, వాల్వు నట్టు దగ్గర బొట్లు.

ఆ ఇంట్లో అప్పుడు అబ్బాయి నాన్నగారు ఉన్నారు. బిట్రగుంట లోకో షెడ్డులో ఆవిరి ఇంజన్ల ఫిట్టరుగా చేసినాయన. మనవడిని చూసుకోవడానికి వచ్చి, చలికి బయటికి పోలేక, టీవీ ముందు కూర్చుని విసిగిపోయి ఉన్నారు. నా చప్పుడు వినగానే దుప్పటి విసిరేసి లేచారు.

“ఏందిరా ఇది, బాయిలరు ఉన్న ఇల్లని నాకు చెప్పనే లేదే!”

బాయిలర్ ఆపించి, చల్లారాక నేలమాళిగలోకి దిగారు. అక్కడ మాట్లాడే ప్రతి మాటా పైపులోంచి నాకు వినబడుతుంది. మెయిన్ పైపుకు చుట్టి ఉన్న తెల్లటి పాత తొడుగును పీకబోతుంటే కోడలు గట్టిగా ఆపింది. “మామయ్యా, దాన్ని ముట్టుకోవద్దు. ఆస్‌బెస్టాస్ అయ్యుంటుంది. పరీక్ష చేయించాక దానికోసం వేరే మనుషులు వస్తారు.” ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తొడుగు లేని చోట, నా వైపు వచ్చే అడ్డపైపు దగ్గర నిలబడి చాలాసేపు చూశారు.

“ఇది సింగిల్ లైను రా. అప్పూ ఇదే, డౌనూ ఇదే. మధ్యలో ఈ సన్న గొట్టం పెడితే రెండూ ఎదురుపడి గుద్దుకోక ఏం చేస్తాయి?”

రెడ్యూసర్ చుట్టూ వేలితో గీసి చూపించారు. పెద్ద పైపు మధ్యకు చిన్న పైపు వచ్చి కలిసింది కాబట్టి రెండిటి అడుగులూ ఒక మట్టంలో లేవు. పైగా రాగి గొట్టం నడుమ కొంచెం కుంగింది. నా నుంచి దిగిన నీళ్ళు ఆ పల్లంలో నిలిచిపోతాయి. బాయిలర్ మళ్ళీ వెలిగినప్పుడు ఆవిరి ఆ నీటి మీదుగా దూసుకొస్తూ దాన్ని అలగా లేపి ఎల్బో కేసి కొడుతుంది. అదొక్కటే కాదు. చల్లటి నీటిని తాకిన ఆవిరి ఉన్నపళాన నీరైపోతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది కదా, తిరిగి నీరైతే అంత చోటూ ఒక్కసారిగా ఖాళీ. ఆ ఖాళీలోకి నీళ్ళు దూకి ఇనుమును మోదుతాయి. నేను అరిచింది అందుకు.

అబ్బాయి టేపు పెట్టి పాత ఇనుప పైపు బయటి కొలత తీసుకున్నాడు. ఒకటిన్నర అంగుళాలు దాటింది. దుకాణానికి వెళ్ళి ఒకటిన్నర అంగుళాల నల్ల పైపు తెచ్చాడు. ఫిట్టింగులో దూరదే! పెద్దాయన నవ్వి, పైపుకి పేరు వేరు, ఒళ్ళు వేరు అన్నారు. ఒకటింబావు అంగుళం పైపు బయట 1.66 అంగుళాలు, లోపల 1.38 అంగుళాలు. ఎటు కొలిచినా ఒకటింబావు రాదు. వాళ్ళ ఊళ్ళోనూ 32 మిల్లీమీటర్ల పైపు బయట 42 మిల్లీమీటర్లుంటుంది.

కానీ మరల దగ్గర ఆయనా ఒక క్షణం ఆగారు. కొత్త ముక్క మీద గోరు పెట్టి లెక్కబెట్టారు. వాళ్ళ షెడ్డులో బ్రిటిష్ కొలత, ఈ సైజుకి అంగుళానికి 11 మరలు. ఇక్కడ పదకొండున్నర. మళ్ళీ లెక్కబెట్టారు. పదకొండున్నరే. రాబర్ట్ బ్రిగ్స్ అనే ఇంజనీరు కుదిర్చిన ఆ కొలతను 1886లో అమెరికా తయారీదారులు ఒప్పుకున్నారు. నిన్న కోసిన పైపు ముక్క వందేళ్ళ నాటి నా ఫిట్టింగులో చక్కగా తిరగడానికి కారణం అదే. చిత్రమేమిటంటే, వాల్వుకూ నాకూ మధ్య ఉండే యూనియన్‌కి మాత్రం అలాంటి ఒప్పందం లేదు. ఏ కంపెనీది ఆ కంపెనీకే కూర్చుంటుంది. కొత్త వాల్వు నట్టును నా మూతిలోని పాత ఇత్తడి ముక్కకు తగిలించారు కనకే బొట్లు కారాయి. ఆ ముక్కను విప్పబోతే వందేళ్ళ పట్టు, నా మరలే పోయేవి. అదృష్టం, నా పాత వాల్వు నేలమాళిగలో చెత్తడబ్బా పక్కన దొరికింది. పెద్దాయన దాన్ని శుభ్రం చేసి, కాడ చుట్టూ కొత్తగా గ్రాఫైట్ తాడు చుట్టించారు.

ఇక పని. విప్పుకోనని మొండికేసిన పోత ఇనుప ఎల్బోకి వెనక ఒక సమ్మెట ఆనించి, ముందు నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేయించారు. పగిలి ఊడిపోయింది. పోత ఇనుముతో ఉన్న సుఖం అదే, నేను చెప్పకూడదు గానీ. రాగి ముక్క, రెడ్యూసర్ తీసేసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకటింబావు నల్ల పైపే వేశారు. నిలువు ముక్క పాతదానికన్నా అంగుళం పొడుగు. ముక్క పొడవు కొలిచేటప్పుడు రెండు ఫిట్టింగుల మధ్య ఖాళీ ఒక్కటే చూస్తే చాలదు. ఈ సైజులో ఒక్కో కొస ముప్పావు అంగుళానికి కాస్త తక్కువగా లోపలికి తిరుగుతుంది, అది రెండువైపులా కలపాలి. కొట్టువాడు కోసి, మరలు తీసి ఇచ్చాడు. పైపు రెంచిని పెద్దాయన స్టిల్సన్ అనే పిలిచారు. దాన్ని 1869 ప్రాంతంలో తయారుచేసిన డేనియల్ స్టిల్సన్ ఆవిరి పైపుల కంపెనీలోనే పనిచేశాడని తెలిస్తే ఇంకా గట్టిగా పట్టుకునేవారేమో.

వాలు చూసింది కోడలు. రసమట్టం పెట్టి, అడ్డపైపు అడుగుకి అర అంగుళం చొప్పున మెయిన్ వైపు దిగేదాకా కొక్కేలు మార్పించింది. మామగారు సరిపోతుందన్నా ఒప్పుకోలేదు. “నీళ్ళకి మీ మాట వినబడదు మామయ్యా” అంది. నా వెంటు వైపు కాళ్ళ కింద ఎత్తుకు ఏం పెట్టాలా అని వెతుకుతుంటే, పెద్దాయన జేబులోంచి నాలుగు రూపాయి బిళ్ళలు తీసి ఇచ్చారు. కాలికి రెండేసి.

బాయిలర్ వెలిగించాక వెంటు బుసకొట్టింది, మూసుకుంది. చప్పుడు లేదు. మనవడు మాత్రం నన్ను మళ్ళీ అరవమని పేచీ పెట్టాడు.

పైన స్నానాలగదిలో నా తోటిది ఒకటుంది. వచ్చే వేసవిలో అక్కడా టైల్స్ మారుస్తారట. పెద్దాయన ఊరెళ్ళే ముందు కొడుకు చేత కాగితం మీద రాయించారు: ముందు టైలు మందం, తర్వాత పైపు ముక్క, ఆ తర్వాతే పనివాళ్ళు. పాత వాల్వు పారెయ్యొద్దని కోడలు కింద ఇంకో వరస చేర్చింది.